వడియాల ఎండలో పెట్టిన గిన్నెలు

మా కింది వాటా మేడమ్ గారు పోయారన్న కబురు నాకు మెట్ల మధ్యలో తెలిసింది. జూన్ నెలాఖరు, పొద్దున్న ఏడు దాటింది. పాలు పొంగిపోతాయేమోనని స్టవ్ దగ్గరే కాపలా నిలబడి ఉన్నాను. కింద నుంచి ఆవిడ కోడలు "పెద్దమ్మా" అని పిలిచింది. గొంతులో ఏదో తేడా ఉంది. స్టవ్ కట్టేశాను. కట్టేశానో లేదోనని మళ్ళీ వెనక్కి వెళ్ళి చూశాను. మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయే సగం దాకా ఎక్కి ఎదురొచ్చింది.

"అత్తమ్మ కుర్చీల కూసొని చాయ్ తాగుతుండె పెద్దమ్మా. కప్పు కింద పెట్టింది. గంతే," అంది.

నేను బెంగపడే మనిషిని. మా అమ్మాయి బ్యాంకు నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే తార్నాక చౌరస్తాలో తిరిగే బస్సులన్నీ నా గుండెల మీద తిరుగుతాయి. అల్లుడి దగ్గు, మనవరాలి పరీక్షలు, పక్కింటి వాళ్ళ గ్యాస్ బండ, అన్నీ నావే. నేను బెంగ పెట్టుకోని మనిషి ఒక్కరే ఉండేవారు, అది ఈ మేడమ్ గారు. ఆవిడకేమవుతుంది, ఆవిడ చూసుకుంటారు అనుకునేదాన్ని. నాకు అంత ధీమా ఇచ్చిన ఒక్క మనిషీ టీ కప్పు కింద పెట్టినంత తేలిగ్గా వెళ్ళిపోయారు.

ఆవిడ పోయేనాటికి ఒక పని మిగిలి ఉంది. ఆవిడ తన చేత్తో చేసిన పద్నాలుగు చెక్క గిన్నెలు యూనివర్సిటీలో ఆవిడతో పనిచేసిన వాళ్ళకు అందాలి. అందులో తొమ్మిది పగిలాయి. పగలగొట్టింది నేనే. ఏడవడానికి రాయడం లేదు. ఏడుపు మొహం కనబడితే ఆవిడ ఏదో ఒక పని చేతికిచ్చేవారు. ఆ గిన్నెల సంగతి మీకు చెప్పాలని రాస్తున్నాను. నేను అయిదో తరగతి దాటలేదు. రాసింది నేనే, తప్పులు మా అమ్మాయి దిద్దింది.

మేడమ్ గారు యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశారు. రిటైరయ్యాక తీర్థయాత్రలకు వెళతారని అందరం అనుకున్నాం. ఆవిడ అంబర్‌పేట్‌లో మంచం కోళ్ళు తిప్పే దుకాణానికి వెళ్ళారు. ఎప్పుడో ఎవరో చదివి తిరిగిచ్చిన పుస్తకాన్ని బీరువాలో పెడుతూ తెరిచి చూశారట. అందులో తిరుగుతున్న చెక్క మీద ఉలి పెట్టి గిన్నె తీస్తున్న బొమ్మ ఉందట. "అగొ, గప్పటిసంది నా కండ్లల్ల తిరుగుతనే ఉన్నది అక్కా," అనేవారు. దుకాణం ఆయన మొదటి రోజు ఆవిడ చీరను, కళ్ళజోడును చూసి, "మేడమ్, గీ దుమ్ముల మీకేం పని?" అన్నాడట. "ముప్పై ఏండ్లు పుస్తకాల దుమ్ముల ఉన్న. గిదొక దుమ్ము," అని స్టూలు లాక్కుని కూర్చున్నారట. మూడు నెలలు కూర్చున్నారు. ఆ తరవాత చెక్కను గిర్రున తిప్పే ఒక పాత లేతు మిషను మా కింద కారు షెడ్డులోకి వచ్చింది. ఆ షెడ్డులో ఎప్పుడూ కారు లేదు.

మిషను మొదటిసారి తిరిగిన రోజు నేను పైన పప్పు కడుగుతున్నాను. నేల సన్నగా అదిరింది. అలమరలో గిన్నెలు గణగణమన్నాయి. చేతులు తుడుచుకోకుండానే కిందికి పరిగెత్తాను. షెడ్డులో ఎవరో మగమనిషి వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడు. పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, తలకు టోపీ. మొహం తిప్పితే మేడమ్ గారే. కొడుకు విడిచిన బట్టలు. పమిట మిషనులో పడితే ప్రమాదమని ఆ వేషం. మొహానికి ప్లాస్టిక్ అద్దం కట్టుకున్నారు.

"మేడమ్ గారూ, ఇల్లు కూలదు కదండీ?" అన్నాను.

"ఏ ఇల్లక్కా?"

"మన ఇల్లేనండీ. పైన గిన్నెలు కదులుతున్నాయి."

"ఎన్ని కదిలినయి?"

"రెండండీ."

"రెండేనా. ఐతె కూలదు. గీడ కూసో."

కూర్చున్నాను. చెక్క తిరుగుతుంటే ఉలి కొస దగ్గర నుంచి పొట్టు రిబ్బన్లలా చుట్టలు చుట్టుకుంటూ వచ్చి నా ఒళ్ళో పడుతోంది. వాసన ఎంత బాగుందో చెప్పలేను. భయం పోయిందని అబద్ధం చెప్పను. కరెంటు షాక్, కళ్ళలో పొట్టు, ఉలి జారడం, ఒక్కొక్కటే వరసగా అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పి ఆఖర్న మిషను ఆపారు.

"అక్కా, నీకు బుగులెక్కువనా?"

"పుట్టినప్పటి నుంచీనండీ."

"మంచిదే. బుగులుపడు, వద్దంటలేను. గాని ఉత్త చేతులతోటి బుగులుపడకు. చేతుల ఏదన్న పని పెట్టుకొని బుగులుపడు."

అని ఒక గరుకు కాగితం ముక్క, అప్పుడే తిప్పిన పప్పుగుత్తి నా చేతిలో పెట్టారు. నున్నగా రుద్దమన్నారు. ఆ రోజు మా అమ్మాయి ఇంటికి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నేను గడియారం చూడలేదు.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు కిందే. అప్పడాల కర్రలు, కవ్వాలు, కుంకుమ భరిణెలు, వీధిలో పిల్లలందరికీ బొంగరాలు. ఆవిడ తిప్పేవారు, నేను రుద్దేదాన్ని. అన్నీ బాగా వచ్చాయని కాదు. మొదటి అప్పడాల కర్ర ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. దాంతో వత్తితే చపాతీ దానంతటదే తిరుగుతూ గుండ్రంగా వచ్చేది. "ఆ కర్ర నా లెక్కనే, ఒక్క దిక్కుకు పోదు," అనేవారు. ఇప్పటికీ నేను దాంతోనే వత్తుతున్నాను.

ఒకసారి నేను భయపడినంతా జరిగింది. తిరుగుతున్న గిన్నె మిషను నుంచి ఊడింది. మా తలల మధ్య నుంచి వెళ్ళి గేటుకు కొట్టుకుని, గేటు కింద సందులోంచి రోడ్డున పడి, మా వీధి పల్లం కదా, దొర్లుకుంటూ పోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను ఆవిడ చేతులు తడిమాను, ఆవిడ నా తల తడిమారు. కాసేపటికి వీధి చివర దోసెల బండాయన ఆ గిన్నె పట్టుకుని వచ్చాడు.

"మేడమ్, మీ ఇంట్లకెళ్ళి వచ్చిందంట. మా చట్నీ గిన్నె పక్కన ఆగింది," అన్నాడు.

"నచ్చితే ఉంచుకో బిడ్డా. అంత దూరం నడిచి వచ్చింది నీ కోసం," అన్నారు ఆవిడ. ఆ గిన్నె ఇప్పుడు ఆ బండి మీద చిల్లర వేసుకునే గిన్నె.

ఇక అసలు సంగతి. యూనివర్సిటీలో లైబ్రరీ వెనకాల పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. మేడమ్ గారు, ఆవిడతో పనిచేసేవాళ్ళు ముప్పై ఏళ్ళు దాని కిందే మధ్యాహ్నం డబ్బాలు విప్పేవారు. ఒకరి కూర ఇంకొకరికి. అడిక్‌మెట్ నుంచి నడిచి వచ్చేవాళ్ళు, విద్యానగర్ నుంచి సైకిలు మీద వచ్చేవాళ్ళు, అందరూ ఒక్కొక్కరే రిటైరై ఎవరి దారి వాళ్ళు పట్టారు. పోయినేడు దసరా వానల్లో ఈదురుగాలికి ఆ చెట్టు పడిపోయింది. కబురు తెలిసిన గంటలో ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళారు. తోట చూసేవాళ్ళను బతిమాలి నాలుగు దుంగలు అడిగి, ట్రాలీ బండిలో వేయించుకుని వచ్చారు. దుంగలు దింపాక చెయ్యి వేసి చూసి, "అన్నం తిన్న చెట్టక్కా. ఆ నీడల తిన్నోళ్ళందరి చేతిల ఇది ఉండాలె," అన్నారు.

లెక్క వేశారు. ఉన్నవాళ్ళు పదమూడు మంది, తనతో పద్నాలుగు. పద్నాలుగు గిన్నెలు. జూలైలో ఒక ఆదివారం అందరూ పాత చోటే కలిసి భోజనం చేయాలని, ఆ రోజు గిన్నెలు పంచాలని ఫోన్ల మీద నిర్ణయమైంది. నాలుగు దుంగల్లో చీలికలు, పురుగు తిన్నవి పోను సరిగ్గా పద్నాలుగు ముక్కలు వచ్చాయి. పదిహేనోది లేదు. ఆ చెట్టు ఇక లేదు.

పచ్చి చెక్క తిప్పడం నేను చూడటం అదే మొదలు. నీళ్ళు చిమ్మాయి. నా కళ్ళజోడంతా తడి. "ఇన్నేండ్లు తాగిన వానలు ఇంక లోపలనే ఉన్నయి చూడు," అన్నారు. పచ్చి చెక్కను ముందు దళసరిగా, మోటుగా తిప్పాలట. ఆ మోటు గిన్నెను పొట్టుతో పాటు కాగితం సంచిలో పెట్టి, నీడలో నెలల తరబడి ఆరనివ్వాలట. ఆరుతూ అది వంకర పోతుంది. పూర్తిగా ఆరాక మళ్ళీ మిషనెక్కించి పలచగా, గుండ్రంగా తియ్యాలి. ఆరిందని ఎలా తెలుస్తుందంటే తూకం. వారానికోసారి తూచి అడుగున పెన్సిలుతో రాయాలి. మూడు వారాలు ఒకే తూకం వస్తే ఆరినట్టు.

"ఈ పని నీది. నీ అంత కావలి మా యూనివర్సిటీల గూడ లేకుండె," అని పద్నాలుగు సంచులూ నాకప్పగించారు. నాకు అంకెలు వచ్చు, తూకాలు వచ్చు. మా అమ్మాయి కేకుల కోసం కొన్న త్రాసు ఉంది. శుక్రవారం శుక్రవారం తూచేదాన్ని. మా మంచం కింద పెట్టుకున్నాను. ఎలుక కొరుకుతుందేమో, గాలి తగులుతుందేమో, చీమలు పడతాయేమో అని రోజుకు పదిసార్లు వంగి చూసేదాన్ని. నా బెంగకు పని దొరికింది. మా అల్లుడు గట్టిగా దగ్గినా ఆ చలికాలం నేను కషాయం పట్టుకుని వెంటపడలేదట. తనే చెప్పాడు, కాస్త నిష్ఠూరంగా.

ఏప్రిల్ వచ్చింది. మేడమ్ గారు చెల్లెలి మనవడి పెళ్ళికి కరీంనగర్ వెళ్ళారు, వారం రోజులకు. ఆ శుక్రవారం తూచాను. ఇంకా అయిదేసి, ఆరేసి గ్రాములు తగ్గుతూనే ఉన్నాయి. వేళ్ళ మీద లెక్క పెట్టాను. ఇలా అయితే ఎప్పటికి ఆరుతాయి, ఆవిడ ఎప్పటికి మళ్ళీ తిప్పుతారు, జూలైకి అందవు. ఆ మాట ఒకసారి తలలో పడ్డాక నాకు నిలకడ లేదు. పైన మేడ మీద బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టి ఉన్నాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది. మా గోదావరి వైపు ఆడవాళ్ళకు తడిగా ఉన్నదేదైనా సరే, దానికి ఒకటే మందు తెలుసు.

పద్నాలుగు గిన్నెలూ సంచుల్లోంచి తీశాను. పొట్టు దులిపాను. వడియాల పక్కన పాత చీర పరిచి బోర్లించాను. కాకులు రాకుండా కర్ర పట్టుకుని మెట్ల నీడలో కూర్చున్నాను. ఆవిడ వచ్చి చూసి ఎంత సంతోషిస్తారో అనుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండింటికి టిక్ మని వినబడింది. ఎండిన వడియం విడిందనుకున్నాను. మళ్ళీ టిక్. మళ్ళీ. లేచి వెళ్ళి చూస్తే ఒక గిన్నె అంచు నుంచి అడుగు దాకా నోరు తెరుచుకుని ఉంది. నేను చూస్తుండగానే దాని పక్కది తెరిచింది. చీరతో పాటు మూట కట్టి కాళ్ళు కాలుతున్నా కిందికి తెచ్చాను. మూటలో కూడా టిక్కుమంటూనే ఉన్నాయి. నీడకు చేరేసరికి తొమ్మిది పగిలాయి.

సాయంత్రం మా అమ్మాయి వచ్చి ఒక్కొక్క గిన్నె తిప్పి చూసింది. తరవాత, "అమ్మా, అవి గిన్నెలే. అప్పడాలు కావు," అంది.

ఆవిడ ఊరి నుంచి వచ్చేదాకా నాలుగు రోజులు నేను తిన్నది తిండి కాదు. ఎలా చెప్పాలో గోడకు చెప్పి చూసుకున్నాను. ఆవిడ వచ్చారు. సంచి తెరిచారు.

"అక్కా, ఇదేంది?"

గోడకు చెప్పినదంతా మరిచిపోయాను. "ఎండబెట్టానండీ," అన్నాను.

"ఏడ?"

"మేడ మీదండీ. వడియాల పక్కన."

ఆవిడ నా వంక చూశారు. సంచులన్నీ తెరిచి లెక్క పెట్టారు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. రెండు రోజులు లేతు తిరగలేదు. ఆ మిషను చప్పుడుకు భయపడినదాన్ని, అది లేని ఆ రెండు రోజుల్లో చెవులు రిక్కించి పడుకున్నాను. ఆ చెట్టు ఇక దొరకదు. జూలై ఆదివారం ఖాయమై ఉంది.

మూడో రోజు పొద్దున్న మెట్లెక్కి వచ్చారు. చేతిలో మైనం పూసిన దళసరి దారపు ఉండ.

"అక్కా, నీకు విస్తర్లు కుట్టుడు వస్తదా?"

"తిడుతున్నారా మేడమ్ గారూ?"

"తిట్టాలంటె మొన్ననే తిడుదును. అడుగుతున్న. వస్తదా రాదా?"

"వస్తుందండీ. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకు వందలకు వందలు కుట్టాం."

"ఐతె కిందికి రా. ముప్పై ఒక్క ఏండ్లు చేసిన లైబ్రరీల. చినిగిన పుస్తకాన్ని ఒక్కనాడన్న పారేసినమా? బైండింగ్ సెక్షన్‌కు పంపినం, కుట్టిచ్చినం, మల్ల బీరువల పెట్టినం. ముందుగాల గీ ముచ్చట నాకు యాదికే రాలె, చూడు."

ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా నా జీవితంలో అంత సరదాగా గడిచిన రోజులు తక్కువ. చెక్క పూర్తిగా ఆరిపోయింది. పోనీ, ఆ పని మాత్రం నేను చేశాను. ఆవిడ పగిలిన గిన్నెకు గట్టిగా టేపు చుట్టి, మిషనును మెల్లగా తిప్పుతూ, నన్ను గేటు బయట నిలబెట్టి, పలచగా తీసేవారు. చీలికకు రెండు వైపులా సన్న బెజ్జాలు వేసి ఇచ్చేవారు. నేను కుట్టేదాన్ని. మొదటి గిన్నె కుట్టి ఇస్తే వేలితో మీటి చూశారు.

"ఇది జాకెట్ కాదక్కా. ఇంకోపారి లాగు."

లాగాను. మళ్ళీ మీటారు. "ఇంకోపారి." ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. నా వేళ్ళ మీద దారం గీతలు పడ్డాయి. మా మనవరాలు చూసి, నీకూ కుట్లు పడ్డాయే అమ్మమ్మా అని నవ్వింది. మేమిద్దరం చెక్కపొట్టులో కాళ్ళు చాపుకుని చాయ్ తాగేవాళ్ళం. వీధిలో వాళ్ళు కుండీల్లో వేసుకోవడానికి పొట్టు అడిగి పట్టుకెళ్ళేవారు.

ఒకరోజు అడిగాను. "వాళ్ళకు ఈ కుట్ల గురించి ఏమని చెబుతారండీ?"

"నేనెందుకు చెప్త? నువ్వే చెప్తువు గాని. నీ చేతి పని గదా."

"చదువుకున్న వాళ్ళ ముందు నేనేం మాట్లాడతానండీ."

"ముప్పై ఏండ్లు గా చదువుకున్నోళ్ళ చినిగిన పుస్తకాలే గద మేము కుట్టిచ్చింది. రా, ఏం గాదు."

ఆ రోజు నుంచి కొత్త బెంగ పట్టుకుంది. ఆవిడ పక్కన ఉంటారు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. రెండు గిన్నెలు కుట్టడానికి మిగిలి ఉండగా ఆ పొద్దున్న కోడలు "పెద్దమ్మా" అని పిలిచింది.

పదకొండో రోజు అయ్యాక షెడ్డు తాళం అడిగాను. ఆ రెండు గిన్నెలూ ఒక్కదాన్నే కూర్చుని కుట్టాను. కుట్టి, వేలితో మీటి చూసి, ఇంకోసారి లాగాను. మళ్ళీ మీటి మళ్ళీ లాగాను. కొబ్బరినూనె, మైనం కలిపి పద్నాలుగింటికీ పూశాను. బైండింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన సారు ఫోన్ చేసి, భోజనం పెట్టుకుందామా వద్దా అని కోడలిని అడిగారట. "పెట్టుకోండ్రి సార్, అత్తమ్మ అదే అంటుండె," అని ఆ అమ్మాయి చెప్పింది. నాతో మాత్రం, "మీరే తీస్కపోండి పెద్దమ్మా, అవి చూస్తె నాకు ఆగదు," అంది.

ఆదివారం మా అమ్మాయి ఆటో పిలిచింది. గిన్నెలు రెండు బుట్టల్లో, పాత దుప్పట్ల మధ్య.

"ఆటో ఎగిరితే ఇంకా పగులుతాయేమో అనకమ్మా," అంది.

"అనడం లేదు. అనుకుంటున్నాను," అన్నాను.

తార్నాక దాటి యూనివర్సిటీ గేటులోకి తిరిగాక రోడ్డుకు రెండు వైపులా చెట్లు. లైబ్రరీ వెనకాల మాత్రం ఒకచోట ఆకాశం ఖాళీగా కనబడింది. దాని పక్కనే వేపచెట్టు కింద చాపలు పరుచుకుని కూర్చున్నారు. పదమూడు మంది. జుట్లు నెరిసినవాళ్ళు, మోకాళ్ళకు పట్టీలు కట్టుకున్నవాళ్ళు. అందరి ముందూ టిఫిన్ డబ్బాలు, ఎవరూ మూత తీయలేదు.

బుట్టలు దింపాను. కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"ఇవి మీ చెట్టువేనండీ. పద్నాలుగు. తొమ్మిది పగిలాయి. పగలగొట్టింది నేను. మేడమ్ గారు ఊళ్ళో లేనప్పుడు వడియాలతో పాటు ఎండలో పెట్టాను. ఆవిడ తప్పు ఏమీ లేదండీ," అన్నాను. చెప్పేసి మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను.

పేపర్ల సెక్షన్‌లో పనిచేసిందట, భారీ మనిషి, ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఎగురుతున్నాయి.

"వడియాలక్కవు నువ్వేనా?" అంది నవ్వు మధ్యలో.

నాకు అర్థం కాలేదు. బైండింగ్ సారు చెప్పారు. "దారం కోసం నాకు ఫోన్ చేసిందమ్మా. మొదలు ఏడుసుకుంటనే చెప్పింది. తొమ్మిది పోయినయి, చెట్టు పోయింది అని. ఏడ పెట్టింది అని అడిగిన. 'వడియాల పక్కన' అన్నది. అనుకుంట అనుకుంటనే నవ్వుడు షురూ చేసింది. అరగంట. మాట్లాడొస్తలేదు ఆమెకు. పైన నీకు వినబడుతదని మెత్తల మొఖం పెట్టి నవ్వుతున్న అన్నది."

"ఎప్పుడండీ అది?"

"ఊరికెళ్ళి వచ్చిన తెల్లారి."

తలుపు వేసుకున్న ఆ రెండు రోజుల్లోదే. నేను పైన అన్నం మానేసి పడుకున్నప్పుడు కింద ఆవిడ దిండులో మొహం దాచుకుని నవ్వుతున్నారు.

ఆ తరవాత గిన్నెల కోసం పోట్లాట. నేను మంచివి అయిదూ ముందు పెడితే ఎవరూ తీసుకోరు. "కుట్టు లేనిది నాకెందుకు? గిది దుకాణంల దొరుకుతది," అని ఒకాయన. "నాకు మోకాలికి కుట్లు పడ్డయి, నాకే గావాలె," అని ఇంకొకావిడ. బైండింగ్ సారు ఒక్కొక్క గిన్నె వెలుగులో పెట్టి దారాన్ని మీటి చూశారు. నా ప్రాణం ఆయన వేలి కొసన ఉంది. "కుట్టు గట్టిగున్నది. మా సెక్షన్ల ఉంటే నీకు ప్రమోషన్ ఇప్పిస్తుంటినమ్మా," అన్నారు. చివరికి చీట్లు వేసుకున్నారు. కుట్లు లేనివి వచ్చినవాళ్ళు మూతులు ముడుచుకున్నారు.

అందరిలోకీ ఎక్కువ పగిలింది, ఇరవై రెండు కుట్లు పడ్డది, చీట్లలో వేయలేదు. అది ఆవిడదని ఎవరూ చెప్పకుండానే పక్కన పెట్టారు. ఇప్పుడు డబ్బాల మూతలు తీశారు. పేపర్ల సెక్షన్ ఆవిడ స్టీలు క్యాను విప్పింది. పచ్చిపులుసు. గురువారం గురువారం మేడమ్ గారు తెచ్చేవారట, ఈసారి తను చేసి తెచ్చింది. ఆ గిన్నె దగ్గరికి లాక్కుంది.

"అమ్మా, అందులో పొయ్యకండి. పొడివే పెట్టాలి. కారుతుంది," అన్నాను.

అప్పటికే పోసేసింది. ఇరవై రెండు కుట్ల మధ్య నుంచి పులుసు సన్నగా కారడం మొదలుపెట్టింది.

"కారుతున్నది, కారుతున్నది, జల్ది తాగి అటివ్వు," అని ఒక గుక్క తాగి పక్కవాళ్ళ చేతిలో పెట్టింది. వాళ్ళు ఒక గుక్క తాగి పక్కకు. ఒక చేత్తో గిన్నె, రెండో చెయ్యి కింద దోసిలి. పెద్దవాళ్ళందరూ చిన్నపిల్లల్లా తొందరపడుతూ, చొక్కాల మీద, చీరల మీద పోసుకుంటూ, నవ్వుతూ. నా చేతికి వచ్చింది. పుల్లగా, ఉల్లిపాయ ముక్కలతో, వేయించిన మిరపకాయ వాసనతో. నా తెల్ల చీర మీద కారింది. మా అమ్మాయి చేతికిచ్చాను. తను తాగి పక్కకిచ్చింది. క్యానులోంచి మళ్ళీ పోశారు, మళ్ళీ తిప్పారు.

చాపల ముందు మట్టి మీద చుక్కలు చుక్కలుగా ఒక చుట్టు తడి పడింది. చిన్న ఎండ ఉంది. చుట్టుకు ఒక వైపు చుక్కలు ఆరిపోతుంటే, అటు వైపు గిన్నె ఇంకా చేతులు మారుతూనే ఉంది. అది తిరిగి వచ్చేసరికి ఆరినచోట మళ్ళీ తడుస్తోంది.